ఉత్తరము – జాబు : శబ్దార్థ విచారము

దూరముననున్న చుట్టమునకు వ్రాసి పంపు కాగితమును తెలుగువాడు ‘ఉత్తరము’ అనును. ‘జాబు’ అనియు అనును. ఈ రెండును నిత్యవ్యవహారమున నలిగిన మాటలే యగుటచే వీనియందు విచారింపదగిన దేమియు లేదని తోచును. కాని సంస్కృతమున ‘ఉత్తర’ శబ్దమునకు లేఖ యని అర్థము లేదు. ప్రశ్నకు బదులని అర్థము. అరబ్బీనుండి పారసీకము ద్వారా మనకు వచ్చిన ‘జవాబు’నకును అదియే అర్థము, ‘జాబు’ దాని సంకుచితరూపము. వేరువేరు భాషలనుండి, వేరువేరు కాలములందు, వేరువేరు ద్వారముల వచ్చిన రెండు మాటలు తెలుగున అడుగిడిన పిమ్మట ఒకే త్రోవ నడచి, బదులు అను అర్థమునుండి లేఖ అను అర్థమునకు చేరినవి. ఒక్క మాట యిట్లు మారినచో యాదృచ్ఛికమని త్రోసివేయవచ్చును. రెండును మారినపుడు కారణము వెదకక తప్పదు.

ఈ విచారమునకు వేటపాలెమును చేపట్టుటకు రెండు హేతువులు గలవు. 1918లో ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు నెలకొల్పిన సారస్వత నికేతనము ఆ యూరనే యున్నది. 1929లో గాంధీమహాత్ముడు దర్శించిన గ్రంథాలయ మది. పాత తెలుగు పత్రికల సంపుటములకు పేరెన్నిక గన్నది. కృష్ణాపత్రిక 1902లోను, ఆంధ్రపత్రిక 1908లోను, భారతి 1924లోను పుట్టినవి. కావ్యములందు దొరకని వాడుక పత్రికలందు దొరకును. పత్రికలందును వ్యాసములకంటె పాఠకులు సంపాదకునకు వ్రాసిన జాబులందు మిక్కిలిగ దొరకును. రెండవ హేతువు ఆ ప్రాంతపు చరిత్ర. వేటపాలెము 2022నుండి బాపట్ల జిల్లాలోనిది. అంతకుముందు ప్రకాశము జిల్లాలోనిది. 1970కి పూర్వము గుంటూరు జిల్లాలోనిది. ఉత్తరసర్కారులలో తక్కినవి 1766 నాటి సంధితో కుంపిణీవారి పాలైనను, గుంటూరు సర్కారు మాత్రము నిజాము సోదరుడగు బసాలత్ జంగునకు జీవితాంతము విడువబడి, ఆయన మరణానంతరము 1788లో గాని ఇంగ్లీషువారి చేతికి రాలేదు. పారసీకము వ్రాయు కచ్చేరి ఈ సీమలో మరి రెండు దశాబ్దులు నిలిచినదన్న మాట. ‘జాబు’ చరిత్రకు ఈ సంగతి అవసరము.

మొదట ‘ఉత్తర’ శబ్దము. ‘ఉద్’ అను దానికి ‘తర’ ప్రత్యయము చేరగా ఏర్పడినది. ‘మరింత పైది’ అని మూలార్థము. ఉత్తరీయమనగా పైన వేసికొను వస్త్రము. మగ్గములున్న వేటపాలెము వంటి యూర ఈ యర్థమును బోధించుటకు ఉపాధ్యాయుడు కష్టపడనక్కరలేదు. ఎత్తైన కొండలున్న దిక్కు ఉత్తరదిక్కయ్యెను. పైది యన్న భావము స్థలమునుండి కాలమునకు ప్రసరింపగా ‘తరువాతిది’ అను అర్థము వచ్చెను. ఉత్తరకాండ, ఉత్తరక్రియలు, ఉత్తరోత్తర అను వానియందున్నది అదియే. ప్రశ్నకు తరువాత వచ్చునది గనుక బదులును ఉత్తరమైనది. ఇంతవరకు సంస్కృతము. ఇక్కడినుండి లేఖ వరకు గల నడక తెలుగుది. కన్నడమున ‘ఉత్తర’ యనిన బదులే. తమిళ మలయాళములందు ‘ఉత్తరం’ అనినను బదులే. మరాఠీ హిందీలందును అంతియే. ‘మీ ఉత్తరమందినది’ అను వాక్యమును కాశీపండితుడు విన్నచో, ఏ ప్రశ్నకు అని అడుగును.

లేఖకు పేరిడుటలో భాషలు సాధారణముగ వ్రాసిన వస్తువునో వ్రాతనో చూచుకొనును. సంస్కృతమున పత్రమనగా ఆకు. లేఖ యనగా గీత, వ్రాత. తమిళమున ‘ఓలై’ యనగా తాటియాకు. దానిపై వ్రాసిన లేఖయు ఓలైయే. కన్నడిగుడు ‘కాగద’ అనును. అది మన కాగితమే. మలయాళమున ‘కత్తు’ అందురు. గీత, వ్రాత అను అర్థముగల అరబ్బీ ‘ఖత్’ శబ్దమది. తెలుగునను పూర్వము ఇదే పద్ధతి యుండెను. ‘కమ్మ’ యనగా తాటియాకు; తాటియాకుపై వ్రాసిన లేఖయు కమ్మయే. ఆ యాకును చుట్టి చెవికి పెట్టుకొన్నచో అదియు కమ్మయే. తమిళమున ‘ఓలై’కిని ఈ మూడర్థములు గలవు. చెవికమ్మ నేటికిని నిలిచియున్నది. లేఖయగు కమ్మ మాత్రము కావ్యములలో నుండిపోయెను. దాని స్థానమున కూర్చున్నవి ఆకునకుగాని గీతకుగాని సంబంధింపని రెండు మాటలు. తెలుగువాడు కాగితమును చూచి పేరు పెట్టలేదు. ఆ కాగితము చేయు పనిని చూచి పెట్టెను. ఆ పని బదులు చెప్పుట.

ఉత్తరము వ్రాతతో ముడిపడుట మొదట వ్యవహారశాస్త్రమున కనబడుచున్నది. వివాదమునకు యాజ్ఞవల్క్యస్మృతి నాలుగు పాదములను చెప్పినది. వాది నివేదించునది భాష; ప్రతివాది దానికి చెప్పునది ఉత్తరము; సాక్ష్యాదులతో నిరూపించుట క్రియ; తుదిది సాధ్యసిద్ధి. ఈ ఉత్తరమును నోటిమాటగ విడువరాదు. వాది సమక్షమున వ్రాయింపవలెనని స్మృతి విధించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర ననుసరించి 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమును తెలుగున రచించెను. తెలుగుదేశపు ధర్మాసనములందు ఉత్తరమనగా వ్రాసిన బదులు అను భావము నెలకొనుటకు ఇది చాలిన ఆధారము. అయినను వ్రాతతో ముడిపడుట వేరు, వ్రాతకే పేరగుట వేరు. ధర్మాసనపు ఉత్తరము సామాన్యగృహస్థుని ముంగిటికి వచ్చుటకు మరియొక మెట్టు కావలెను.

ఆ మెట్టు ‘ఉత్తరప్రత్యుత్తరములు’ అను జంటపదమున నున్నదని నా యభిప్రాయము. సంస్కృతవాదమున ఒకడడిగినది ప్రశ్న. రెండవవాడు చెప్పినది ఉత్తరము. దానిపై మొదటివాడు మరల చెప్పినది ప్రత్యుత్తరము. క్రమమున మూడు మాటలున్నవి. జంటలో రెండే మిగిలినవి. మిగిలిన రెంటిని మాత్రమే వినువానికి లోపించిన మొదటిది తోపదు. ‘ప్రతి’ చేరినది బదులైనపుడు, ‘ప్రతి’ లేనిది దేనికి బదులో అదియే కావలెనని వాని బుద్ధికి తోచును. అట్లు ముందు వ్రాసినది ఉత్తరము, దానికి తిరిగి వచ్చినది ప్రత్యుత్తరము అయ్యెను. క్రిందియంతస్తు నేలలో క్రుంగగా నడిమియంతస్తే క్రిందిదైన మేడవలె నున్నది ఈ వరుస. నేటి తెలుగున ఉత్తరప్రత్యుత్తరములు జరుపుట యనగా వాదించుట కాదు, లేఖలు వ్రాసికొనుట. మన శబ్దపల్లవములందును ఈ చీలిక కానవచ్చును. ఉత్తరమిచ్చుట యన్నచో పాత యర్థము. ఉత్తరము వ్రాయుట, ఉత్తరము వేయుట యన్నచో క్రొత్త యర్థము. ఈ ‘వేయుట’ టపాపెట్టె వచ్చిన పిమ్మటిది.

ఇక జవాబు. దీని అరబ్బీ ధాతువునకు దాటుట, చీల్చుకొని పోవుట యని మొదటి యర్థము. కొండవీటిసీమ 1515లో శ్రీకృష్ణదేవరాయలకు వశమై, ఆ శతాబ్ది చివర గోలకొండకు లోబడినది. గోలకొండ ప్రభువుల ఫర్మానులలో పారసీకముతోపాటు తెలుగును వ్రాయబడినవి గలవు. ఒకే కాగితముపై రెండు లిపులు ప్రక్కప్రక్కన నుండుట మాటల రాకపోకలకు అనువైన స్థితి. ఆ కాలముననే పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రమును అచ్చతెనుగున రచించి అమీనుఖానను గోలకొండ యధికారికి అంకితమిచ్చెను. కావ్యము సంస్కృతమునుగూడ విడిచి దేశ్యమునకై వెదకుచుండగా, కచ్చేరి తెలుగు అర్జీలతోను హుకుములతోను జవాబులతోను నిండుచుండెను. అంకితము పుచ్చుకొన్న ప్రభువు రెండు తెలుగులకును పోషకుడే.

‘జవాబు’లోని వకారము జారి, దాని ఇరువైపులనున్న అచ్చులు కలిసి దీర్ఘమగుటచే ‘జాబు’ ఏర్పడినది. మరాఠీయందును ‘జాబ్’ అను సంకుచితరూపము గలదు. కాని అచట అది సంజాయిషీ అను అర్థమున స్థిరపడినది. ‘జాబ్ విచారణే’ అనగా సంజాయిషీ అడుగుట. ఒకే మాట, ఒకే సంకోచము; దేశభేదముచే రెండు గతులు. సంజాయిషీ యర్థమును తెలుగున పూర్ణరూపము తనయొద్ద నుంచుకొన్నది. జవాబుదారి యనగా బదులు చెప్పవలసినవాడు. ‘ఉత్తరవాది’ అను సంస్కృతపదమును ఆ యర్థముననే వాడుట గలదు. కనుక ఈ రెండు శబ్దములు లేఖ దగ్గర మాత్రమే గాక బాధ్యత దగ్గరను కలిసినవి. ఇచట విద్యార్థులకు ఒక హెచ్చరిక: ‘జాబితా’ ఈ కుటుంబములోనిది కాదు. అది నియమము, కట్టుబాటు అను అర్థముగల వేరొక అరబ్బీ శబ్దమునుండి పుట్టినది.

ఒకే మాటను రెండు రూపముల నిలుపుకొని రెంటికిని చెరియొక పనిని పంచియిచ్చుట భాషలకు సహజమే. జాబు వ్రాయుదుము, జవాబు చెప్పుదుము. జాబునకు జవాబు వ్రాయుదుము. ఈ కడపటి వాక్యమును అరబ్బీ తెలిసినవాడు విన్నచో ‘జవాబునకు జవాబా?’ అని నవ్వును. ‘ఉత్తరమునకు ప్రత్యుత్తరము’ అన్నదియు సరిగ ఇట్టిదే.

అయినను బదులు లేఖయగుటకు జంటపదమొక్కటియే కారణమనుట చాలదు. అట్టి జంటలు ఇతరభాషలకును కొరత కావు. లోకవ్యవహారమున దానికి ఊతమిచ్చిన దేదియో యుండవలెను. నాకు తోచినది ఇది. పూర్వము క్రిందివాడు పైవానికి పంపుకొను కాగితమునకు ప్రత్యేకమైన పేర్లుండెను: విన్నపము, మనవి, పిమ్మట అర్జీ. పైనుండి క్రిందికి వచ్చు కాగితము సాధారణముగ ఇట్టి విన్నపమునకు బదులే. చదువెరుగని రైతునకుగాని నేతగానికిగాని ఇంటికి వచ్చు కాగితమనగా, కరణము చదివి వినిపింపవలసిన ఆ బదులే. వచ్చిన ప్రతి కాగితమును బదులైనపుడు ‘బదులు వచ్చినదా?’ అను ప్రశ్నకును ‘కాగితము వచ్చినదా?’ అను ప్రశ్నకును భేదముండదు. ‘ఉత్తరువు’ అను మాట ఇందుకు గట్టిసాక్ష్యము. ఉత్తర శబ్దభవమే యగు ఈ మాట తమిళ కన్నడములందును గలదు. ఆజ్ఞ యని, సెలవు అని అర్థము. బదులు ఆజ్ఞ యెట్లయ్యెను? అడిగినవాడు క్రిందను చెప్పినవాడు పైనను ఉన్నపుడు, చెప్పిన బదులు ఆజ్ఞయే యగును. తమిళ కన్నడములు అంతటితో ఆగినవి. తెలుగు ఉత్తరువును కచ్చేరికి విడిచి, ఉత్తరమును ఇంటికి తెచ్చుకొన్నది.

బదులుతో సంబంధములేని ప్రభువాక్యమునకు తెలుగున వేరు పేరున్నది. వేటపాలెమునకు సమీపముననే మోటుపల్లిరేవు గలదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అచట వేయించిన అభయశాసనము, సముద్రముపై రాకపోకలు సలుపు వర్తకులను ఉద్దేశించి ప్రకటించిన మాట. ఓడలు దెబ్బతిని ఒడ్డునకు కొట్టుకొనివచ్చినను సరకును హరింపమనియు, ముప్పదవపాలు సుంకమునే గ్రహింతుమనియు అభయమిచ్చెను. ఇదియు దూరమువారికి పంపిన సందేశమే; కాని దీనిని ఉత్తరమని ఎవరును అనరు. శాసనము మరుమాటను కోరదు. ఉత్తరము కోరును. మన లేఖలలోని పడికట్టుమాటలే ఇందుకు నిదర్శనము. ‘ఉభయకుశలోపరి’ అనుటలోనే ఇరుప్రక్కల క్షేమమును వచ్చినది. ‘మీరు వ్రాసిన జాబు చేరినది’ అని మొదలు, ‘తిరుగుటపాలో జవాబు వ్రాయవలెను’ అని తుద. మొదటివాక్యము వెనుకటి లేఖకు బదులు. చివరివాక్యము రాబోవు బదులునకు పిలుపు. నడుమనున్నది ఎంత స్వల్పమైనను ఫరవాలేదు. 1879లో కార్డులు వచ్చిన పిమ్మట నడిమిభాగము మరింత కుదించుకొని ‘ఒక ముక్క వ్రాయుము’ అను మాటకు తగినట్లయ్యెను. నడిమిభాగము విస్తరించి గ్రంథమైన సందర్భమును లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశీయాత్ర సాగించుచు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపినదే 1838లో అచ్చుపడిన కాశీయాత్ర చరిత్ర.

ఉత్తరము లేఖ కాగానే బదులు అను అర్థమునకు మాట కొరవడెను. ఈ వెలితిని తెలుగు ఎట్లు పూరించుకొన్నదో చూచుట మిక్కిలి ఆసక్తికరము. దేశ్యములు లేవా? మారుమాట, మారుపలుకు ఉన్నవి, ఎదురుచెప్పుట ఉన్నది. కాని ‘మారుమాటాడక పోయెను’ అనిన ఎదిరింపక పోయెనని అర్థము. ఎదురుచెప్పుట మర్యాద కాదు. దేశ్యములు ధిక్కారపు వాసన పట్టినవి గనుక మామూలు బదులునకు ఎరువు తప్పలేదు. ఈ ‘బదులు’ కూడ ఎరువే; మార్పిడి యను అర్థముగల అరబ్బీ ‘బదల్’ ఇది. చేబదులున మూలార్థము నేటికిని చెక్కుచెదరలేదు. తమిళుల ‘పదిల్’ దీని తోబుట్టువు. మరియొకటి ‘సమాధానము’. సంస్కృతమున చేర్చియుంచుట, సందేహమును తీర్చుట మొదలైన యర్థములుగల ఈ మాట తమిళమున శాంతియైనది. కన్నడ మరాఠీలలో తృప్తియైనది. తెలుగున మాత్రము పరీక్షాపత్రములోని ప్రశ్నకు జోడు. ప్రక్కభాషలకు ‘ఉత్తర’ మింకను ఆ పని చేయుచున్నది గనుక వారికి సమాధానమును ఇందుకు పిలువవలసిన అక్కర లేకపోయెను. మనకు కలిగినది. ఒక మాట స్థానము విడిచినచో ప్రక్కమాటలన్నియు జరుగవలసివచ్చుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము తెలుగున అరుదు.

ఇందుచే నిఘంటుకర్తలకు ఒక చిక్కు గలదు. ఉత్తరము తత్సమమని, జాబు అన్యదేశ్యమని విభాగించుట మన సంప్రదాయము. సి.పి. బ్రౌను 1852లో వెలువరించిన తెలుగు నిఘంటువున హిందూస్తానీపదములకు ప్రత్యేకమైన గుర్తునిచ్చెను. 1854లో మిశ్రభాషాపదములకు వేరుగ ఒక నిఘంటువునే కూర్చెను. కచ్చేరి కాగితములను చదువవలసిన అధికారి గనుక ఆ మాటల విలువ ఆయనకు తెలియును. ఈ గుర్తులు రూపమునకు సరియైనవే. కాని అర్థమునకు? లేఖ యను అర్థమున ఉత్తరమును తత్సమమనుట రూపమును చూచి మోసపోవుటయే. ఆ యర్థము సంస్కృతమునకు సమము కాదు. తెలుగు గడ్డపై పుట్టినది. ఆ మాటకు వస్తే జాబు ఎంత తెలుగో లేఖార్థమున ఉత్తరము అంతే తెలుగు. ఉత్తరము శిష్టమనియు జాబు నీచమనియు తలచువారు ఇప్పటికిని గలరు. రెండును ఎరువు తెచ్చుకొన్న గుడ్డతో ఇంట కుట్టుకొన్న చొక్కాలు.

ఇది నిఘంటువుతో పోవు చిక్కు కాదు, తరగతిలోనిది కూడ. ప్రాచీనకావ్యమున ‘ఉత్తరమిచ్చెను’ అన్నచోట విద్యార్థి ‘జాబు చేతికిచ్చెను’ అని అర్థము వ్రాసినచో తప్పు వానిది మాత్రమే కాదు. రెండర్థములను కాలక్రమము చూపక ఒకే పంక్తిలో పేర్చిన నిఘంటువుది కూడ. పరిశోధకునకు ఇదే భేదము మరియొక విధమున ఉపకరించును. తేదీలేని వ్రాతప్రతియందు ఉత్తరము నిస్సందేహముగ లేఖార్థమున వచ్చినచో అది ఆ ప్రతి కాలనిర్ణయమునకు ఒక చిన్న సాధనము. కాని ఒక్క ప్రయోగముపై ఆధారపడరాదు. పైని చెప్పిన శబ్దపల్లవములను, ఇచ్చుట వ్రాయుటల భేదమును, కూర్చి చూడవలెను.

ఇప్పుడు జాబు మరల మారుచున్నది. ‘జాబు వచ్చినది’ అనిన నేటి విద్యార్థికి ఉద్యోగము వచ్చినదనియే అర్థము. ఇంగ్లీషునుండి వచ్చిన ఈ జాబునకును పాతజాబునకును అక్షరభేదము లేదు. అర్థమున ఆవంత చుట్టరికము లేదు. ఇట్టి పోటీలో పాతమాట ఓడిపోవుట సహజము. ఉత్తరమునకు పోటీ వేరు విధముగ వచ్చినది. పాఠశాలలందు లేఖారచన యనుచున్నారు. చేతిఫోనులందు వచ్చునది మెసేజి. దానికి పంపునది రిప్లై. బదులు అను ఒక్క యర్థమునకు తెలుగు ఉత్తరము, బదులు, జవాబు, సమాధానము అను నాలుగు ఎరువులను తెచ్చుకొని, చాలక అయిదవదానిని తెచ్చుకొన్నది. ‘రిప్లై వచ్చిందా?’ అను వాడుక నిత్యము వినవచ్చుచున్నది. వచ్చినది మొదటి సందేశమే యైనను రిప్లై యను రోజు వచ్చినచో, ఉత్తరము జాబు నడచిన త్రోవకే మూడవ మాట చేరినట్లగును.

పాతజాబు వాడుకనుండి ఎప్పుడు జారిపోయెనో తేల్చుటకు ఊహ అక్కరలేదు. పాఠకుల జాబులకు పత్రికలు ఎప్పుడే శీర్షిక నుంచినవో, అందు జాబు, ఉత్తరము, లేఖ అను మూటిలో ఏది ఎన్ని సంవత్సరములు నిలిచెనో, సంపుటములను వరుసగ తిరుగవేసి పట్టిక వ్రాసికొన్నచో చాలును. శీర్షిక సంపాదకుని మాట, దాని క్రిందిది పాఠకుని మాట. ఈ రెండింటిని వేరువేరు పట్టికలలో ఎక్కించుకొనవలెను. వేటపాలెపు సంపుటములతో ఈ పనికి ఒక విద్యార్థికి రెండు వేసవులు పట్టును.